తోట పేరు సోమలింగం

తోట వేయడం కష్టం, తోటకి పేరు పెట్టడం తేలిక అని నమ్మినవాణ్ణి నేను. పేరుకి గడ్డపార అక్కర్లేదు, పెంట అక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. హీటర్ పక్కకి కుర్చీ లాక్కుని, కాళ్లు చాపుకుని, కాఫీ తాగుతూ చేసుకునే వ్యవసాయం అది. అందుకని ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలమే ఆ పనికి పూనుకున్నాను. తర్వాత ఏమైందో రాయమని మా ఆవిడ చాన్నాళ్లుగా అంటోంది. తను చెబితే మొగుణ్ణి ఆడిపోసుకుంటోంది అంటారట, నేను చెబితే నమ్ముతారట.

మా ఇల్లు కెంట్ కౌంటీలో. ఆ కౌంటీకి ‘ఇంగ్లండు తోట’ అని పాత బిరుదు. ఆపిల్, చెర్రీ తోటలకీ, బీరులో వేసే హాప్ తీగల పందిళ్లకీ పేరుపడ్డ నేల. ఆ బిరుదులో మా పెరడుకి వాటా ఉందని మాత్రం చెప్పలేను. పాతిక అడుగుల వెడల్పు, ఎనభై అడుగుల పొడవు. వానలకి బూటుని వదలదు, ఎండలకి పారని దిగనివ్వదు, అలాంటి బంకమట్టి. ఒక ముసలి బ్రామ్లీ ఆపిల్ చెట్టు, ఒక పాత రోజా మొక్క, ఒరిగిన చెక్క కంచె, తుప్పుపట్టిన తాళంతో ఒక షెడ్డు, బట్టలారేసే తాడు, ముట్టుకుంటే దద్దుర్లు లేపే నెటిల్ మొక్కలు. వంటింటి గుమ్మం పక్కన మా ఆవిడ కుండీలు. నేను పేరు కోసం వెతకడం మొదలెట్టిన నాటికి తోట అనదగ్గది ఇంతే.

సాయంత్రం నడక నా కొంప ముంచింది. అక్కడి పల్లెల్లో ఇళ్లకి నంబర్లతో పాటు పేర్లుంటాయి. రోజా మొక్క ఒక్కటీ లేని రోజ్ కాటేజీ, కొలిమి ఎప్పుడో ఆరిపోయిన ఓల్డ్ ఫోర్జ్, చుట్టుపక్కల గుట్టన్నది లేని హిల్ వ్యూ. చలికాలం నాలుగింటికే చీకటి పడిపోయి, ఆ పేర్ల పలకల మీద చిన్న దీపం వెలుగుతుంటే, నంబరున్న ఇంట్లోవాళ్లు నిన్న దిగినట్టూ, పేరున్న ఇంట్లోవాళ్లు తాతల నాటి నుంచీ ఉన్నట్టూ అనిపించేది. ఏజెంట్లు చూపించిన ఫ్లాట్లలో ఏళ్ల తరబడి తలదాచుకున్నవాడికి ఆ పలక మీద మోజు పుట్టిందంటే ఆశ్చర్యం లేదు. మోజు పుట్టడం తప్పని నేనూ అనను. దాన్ని నెత్తికెక్కించుకున్న తీరు గురించే ఈ రాత.

పైగా ఆ దేశంలో సొంత తోటని నలుగురికీ తెరిచి చూపించే ఆచారం ఒకటుంది. నేషనల్ గార్డెన్ స్కీమ్ దాన్ని 1927లో మొదలుపెట్టింది. ఇంటింటికీ వెళ్లి వైద్యం చేసే నర్సుల కోసం డబ్బు పోగుచేయాలని, తలకో షిల్లింగు తీసుకుని తోట తలుపులు తీయమని యజమానులని అడిగారు. మొదటి ఏడు 609 తోటలు తెరుచుకున్నాయి, 8,000 పౌండ్లకు పైగా వసూలైంది. ఇప్పటికీ ఆ తోటల జాబితా పసుపు అట్టతో పుస్తకంగా వస్తుంది. నేను ఆ పుస్తకం కొన్నాను. ఏ తోటలో ఏ మొక్కలున్నాయన్న సంగతి వదిలేసి, పేర్లు మాత్రం పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాను. జాతకం మానేసి ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకునేవాడి తెలివి అది.

ముందు పురాణాలు తిరగేశాను. నందనవనం ఇంద్రుడిది. కానీ మన వైపు సగం కల్యాణమండపాలకి ఆ పేరే. చైత్రరథం కుబేరుడిది. ఇంటి అప్పు నెలనెలా కడుతున్నవాడికి కుబేరుడి ఊసెందుకు? మధువనం సుగ్రీవుడిది. సీతమ్మ జాడ తెలిసిన సంబరంలో కోతులు దాన్ని చిందరవందర చేశాయి. మా బ్రామ్లీ చెట్టు మీద బూడిదరంగు ఉడతలు ఇప్పటికే ఆ పనిలో ఉన్నాయి, వాటికి పురాణ ప్రమాణం కూడా సమకూర్చడం ఎందుకని కొట్టేశాను. ఖాండవవనం ఏమైందో తెలిసిందే.

మా ఆవిడ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. రోజంతా పేర్లు సరిగ్గా చదవడమే తన ఉద్యోగం కాబట్టి ఇంట్లో నా పేర్ల గోల భరించే ఓపిక తక్కువ. “ఏవండీ, అశోకవనం అని పెట్టేయండి. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ నేను సీతలాగే చెట్టు కింద వణుకుతూ కూర్చుంటున్నాను. మీ అమ్మగారు వచ్చినప్పుడు కాపలాకి కూడా లోటుండదు” అంది. ఆ పేరు కూడా కొట్టేశాను.

వేసవిలో సిసింగ్‌హర్స్ట్ వెళ్లాం. మా ఇంటికి కారులో ఎంతో దూరం లేదు. 1930లో వీటా సాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి, ఆవిడ భర్త హెరాల్డ్ నికల్సన్ కొన్నప్పుడు అక్కడ ఉన్నవి ఎలిజబెత్ రాణి కాలపు బురుజు, కూలిన గోడలు, పోగుపడ్డ చెత్త. ఆయన గీతలు గీశాడు, ఆవిడ వాటి మధ్య మొక్కలు దట్టంగా నింపింది. గోడలతో, పొదల కంచెలతో గదులు గదులుగా విడదీసిన తోట అది. వాటిలో ఒక గదిలో తెలుపు, బూడిద, ఆకుపచ్చ తప్ప వేరే రంగుకి చోటు లేదు. 1950 ప్రాంతంలో వేసిన గది. నడుమ పందిరి మీద మల్లిగానీ అనే తీగ గులాబీ జులైలో ఆకు కనబడకుండా తెల్లగా పూస్తుంది. 1938 నుంచే ఆ తోట చూడటానికి జనం వచ్చేవారు, డబ్బాలో షిల్లింగు వేసి లోపలికి వెళ్లేవారు.

నేను ఆ పందిరి కింద నోరు తెరుచుకుని నిలబడ్డాను. తెల్లపూల పిచ్చి మన సొంతం అనుకునేవాణ్ణి. మల్లె, సన్నజాజి, నందివర్ధనం, పారిజాతం అన్నీ తెలుపే కదా. వాటిలో చాలావరకు పొద్దువాలాక విచ్చుకుంటాయి, అప్పుడే వాసన వదుల్తాయి. చీకట్లో తిరిగే రెక్కల పురుగులకి కనబడాలి, వాటి ముక్కుకి తగలాలి, అంతే. కెంట్‌లో జూన్ జులైల్లో రాత్రి తొమ్మిది దాటినా మునిమాపు వెలుగు పోదు. ఆ వెలుగులో ఎర్రపువ్వు నల్లబడి మాయమవుతుంది, తెల్లపువ్వు మాత్రం కళ్లకి ఆనుతూనే ఉంటుంది. ఆ గంట కోసమే వీటా ఆ తెల్లగది వేసుకుంది. ఈ సంగతి అర్థమయ్యాక బుద్ధున్నవాడు ఇంటికెళ్లి ఒక సన్నజాజి తీగ నాటుకుంటాడు. చలికి తట్టుకునే జాతి అక్కడ నర్సరీల్లో దొరుకుతుంది కూడా.

నాకు మాత్రం కారులో తిరిగొస్తుంటే పేరు దొరికింది. ధవళవనం.

తెల్లపూల తోట కాబట్టి ధవళం. మాది కడియం దగ్గర పల్లె, అక్కడికి ధవళేశ్వరం పక్కనే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించినవాడు ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. గోదావరిలో మునిగి ఆయన్ని తలుచుకునేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. ఆ కాటన్ దొర 1899లో కన్నుమూసింది మాకు పక్కనున్న సర్రే కౌంటీలో, డోర్కింగ్ అనే ఊళ్లో. సమాధీ అక్కడే. చూశారా, ఒక్క పేరులో రంగు వచ్చింది, పుట్టిన ఊరు వచ్చింది, పెరడున్న దేశమూ వచ్చింది. స్టీరింగు మీద చేతులు వణికాయంటే నమ్మండి.

“ఈ పేరు ఎవరికైనా అర్థం కావాలంటే ఎంతసేపు ఉపన్యాసం ఇవ్వాలి?” అని మా ఆవిడ అడిగింది. అది అభ్యంతరం అని నాకు తట్టలేదు. అలాంటి అవకాశం కూడా ఉందా అని ఇంకా మురిసిపోయాను.

ఆ రాత్రే ఊరికి ఫోన్ చేశాను. అమ్మ అంతా విని, “బాగుందిరా, ఏం మొక్కలేశావ్?” అంది. ఇంకా వేయలేదన్నాను. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస” అని ఫోన్ మా మేనమామకిచ్చేసింది. మామయ్యకి కడియపులంకలో నర్సరీ. దేశం నలుమూలలకీ లారీల్లో మొక్కలు పంపే ఊరు అది, ఆయన బతుకంతా అక్కడే గడిచింది. “ఒరే అబ్బాయ్, గింజ నుంచి లేచిన మొక్కకి పువ్వు చూడకుండా మేం రంగు చీటీ కట్టం. కట్టామా, కొన్నవాడు మర్నాడొచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. నువ్వు మడి కొట్టకుండానే చీటీ కట్టేశావ్, నీ గుమ్మంలో ఎవరు కూర్చుంటారో చూసుకో” అన్నాడు. పల్లెటూరి హాస్యం అనుకుని నవ్వి పెట్టేశాను.

తెలియక చేశానంటే కొంత క్షమాపణ దక్కేది. నాకు తెలుసు. ఇంగ్లీషు తోటలకి ఆ పేర్లెలా వచ్చాయో ఆ చలికాలమంతా చదివింది నేనే, ఇంటికి భోజనానికొచ్చినవాళ్లకి పప్పన్నం చల్లారిపోయేదాకా చెప్పిందీ నేనే. విల్ట్‌షైర్‌లో స్టోర్‌హెడ్ అని తోట ఉంది. హెన్రీ హోర్ అనే బ్యాంకరు 1740ల నుంచి వాగుకి అడ్డుకట్ట వేసి చెరువు చేసి, దాని చుట్టూ గుడులు, గుహలు కట్టించాడు. చూస్తే స్వర్గం దిగినట్టుంటుంది. పేరు మాత్రం స్టోర్ నది పుట్టే చోటు అని, అంతే. షెన్‌స్టన్ అనే కవి తన ఆస్తిపాస్తులన్నీ ధారపోసి వేసిన తోటని లెజోస్ అంటారు, అంటే పశువుల బీళ్లు. పాత పొలానికున్న పేరే, ఆయన మార్చలేదు. కవి అయ్యుండీ మార్చలేదు, అది గమనించండి.

గ్లాస్టర్‌షైర్‌లో సెజిన్‌కోట్ ఉంది. ఈస్టిండియా కంపెనీలో సంపాదించుకుని వచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం 1805 ప్రాంతంలో ఆయన సోదరుడు శామ్యూల్ పీప్స్ కాకరెల్ మొఘలు గుమ్మటంతో మేడ కట్టాడు. ఆ వాస్తుశిల్పి ఇండియా మొహం చూసినవాడు కాదు. ఇండియా అంతా తిరిగి బొమ్మలు గీసిన థామస్ డేనియెల్ సలహాతో తోటలో సూర్యుడి గుడి, వంతెన మీద నందులు వెలిశాయి. ఇంత చేసినవాడు ఏ ప్లాసీ అనో, లక్నో అనో పేరు పెట్టుకోవచ్చు. పెట్టలేదు, ఆ చోటుకున్న పాత పేరే ఉంచేశాడు. ఇక సిసింగ్‌హర్స్ట్‌ని ‘క్యాసిల్’ అంటారు గానీ అది కోటే కాదు. 1756-63 ఏడేళ్ల యుద్ధంలో పట్టుబడ్డ ఫ్రెంచివాళ్లని వేల సంఖ్యలో అక్కడ కుక్కారు. వాళ్లు దాన్ని తమ మాటలో కోట అన్నారు, ఆ పేరే అతుక్కుపోయింది. రాజుగారు కాదు, ఖైదీలు పెట్టిన పేరు.

కవి అలెగ్జాండర్ పోప్ 1731లోనే బర్లింగ్టన్ ప్రభువుకి రాసిన పద్యంలో తోట వేసేవాడు ముందు ఆ చోటి అధిదేవతని అడిగి తెలుసుకోవాలని హెచ్చరించాడు. మన గ్రామదేవతకి చెప్పుకోకుండా పొలిమేర దాటకూడదన్న పద్ధతే అది. ఇదంతా చదివినవాణ్ణి. అయినా నేను ఆదర్శంగా ఎంచుకున్నది వీటిలో ఒక్కటీ కాదు, బకింగ్‌హమ్‌షైర్‌లోని స్టో. దాని యజమానుల ఇంటిపేరు టెంపుల్. అంటే గుడి. ఇంటిపేరుకి తగ్గట్టు తోట నిండా గుడులూ కమానులూ స్తంభాలూ లేపుకుంటూ పోయారు, నలభైకి పైగా నిలిచాయి. ముందు పేరు, తర్వాత దానికి తగ్గ తోట. ఇదిగో ప్రమాణం అని గర్వంగా చూపించాను. అదే వంశంవాళ్లు అప్పులపాలై 1848లో ఇంటి సామానంతా వేలం వేసుకున్నారన్న పేజీ కూడా అదే పుస్తకంలో ఉంది. దాన్ని తిప్పేశాను.

పలక చేయించాను. వేల్స్ నుంచి వచ్చిన నల్లని పలకరాయి, దాని మీద ఉలితో చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు. ఆ డబ్బుతో బంకమట్టిని గుల్ల చేసే కంపోస్టు తోలించుకుంటే పెరడంతా జానెడు మందాన పరుచుకునేది. కౌన్సిల్‌కి దరఖాస్తు కూడా పెట్టాను. అక్కడ పద్ధతేమిటంటే, ఇంటికి నంబరుంటే పక్కన పేరు చేర్చుకోవచ్చు గానీ నంబరు తీసేయడానికి లేదు. అంబులెన్సుకీ పోస్టుమనిషికీ పనికొచ్చేది అదే. మర్యాదగా జవాబొచ్చింది. నంబరు ఉంచి తీరాలన్న ఆ వాక్యం చదివి నేను కాస్త నొచ్చుకున్నానంటే ఎంత దూరం వెళ్లిపోయానో ఊహించుకోండి. పక్కింటి పెద్దావిడ పలక చూసి, “డవ్ వ్యాలీ, ఎంత బాగుంది, పావురాలు పెంచుతారా?” అంది. కాటన్ దొర దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఆవిడ పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి లోపలికెళ్లింది.

పలక గుమ్మానికెక్కాక అసలు కథ మొదలైంది. అంతవరకు పేరు తోటకి అలంకారం అనుకున్నాను. ఇప్పుడు ఆ పేరుకి నేను తోటమాలినయ్యాను. ధవళవనం అని రాసుకున్న ఇంట్లో ఎర్రపువ్వుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పాత యజమాని వదిలిపెట్టిన ముదురు గులాబీ రంగు రోజా ఒకటుండేది. మొదలు నా మణికట్టంత లావు, ఏ మందూ వేయకుండానే పూసేది. నడివేసవిలో, మొక్క పెకిలించకూడని కాలంలో, దాన్ని పెకిలించాను. మా అమ్మాయి బళ్లో ఇచ్చిన గింజతో వేసుకున్న పొద్దుతిరుగుడు మొక్కని రాత్రిపూట పక్కింటి కంచె అవతలికి మార్చాను. పొద్దున్నే అది చూసి, “నాన్నా, పసుపు కూడా నేరమా?” అంది. సిగ్గుపడాల్సింది పోయి, పసుపు గురించి ఇంకో వివరణ ఇచ్చాను.

తర్వాత మా ఆవిడ కుండీల మీద పడ్డాను. బంతి, కనకాంబరం మొదటి రోజే బహిష్కరణ. వంకాయ పువ్వు ఊదారంగు, కుదరదు. బెండ పువ్వు లేత పసుపు, మధ్యలో మెరూన్, ససేమిరా. టమాటాకి కుండీల్లో వెనక వరస. గోంగూరకి మాత్రం అనుమతి దొరికింది. ఎందుకంటే అది పొద్దు కురచైతేగానీ మొగ్గ తొడగదు, ఇంగ్లండు వేసవిలో పొద్దు తరగదు, పొద్దు తరిగేసరికి చలికి చస్తుంది. పూయదు కాబట్టి రంగు తప్పే ప్రమాదం లేదు. కొత్తిమీరకైతే పదోన్నతి. అది పూతకొస్తే సన్నని తెల్లపూల గొడుగులు విప్పుతుంది. వీళ్లు తెల్లతోటల్లో ముచ్చటపడి వేసుకునే ఆమీ మజస్ దానికి దాయాదే. అందుకని దాన్ని కోయద్దు, పూతకొదిలేయమన్నాను. ఆ వేసవి మా ఇంట్లో చారులోకి కొత్తిమీర సూపర్ మార్కెట్ నుంచి కొన్నాం, పెరట్లో పెంచినదాన్ని చూస్తూ.

అన్నిటికంటే చిక్కు మిరపతో వచ్చింది. మిరప పువ్వు తెలుపు, కాబట్టి ధర్మప్రకారం దానికి తోటలో హక్కుంది. కానీ కాయ పండితే ఎరుపు. చాలాసేపు ఆలోచించి, పండకముందే కాయలు కోసేయాలని తీర్పు చెప్పాను.

“అంటే నేను పండుమిరపకాయ పచ్చడి పెట్టుకోవద్దా?”

“పచ్చిమిరపతో పెట్టుకోవచ్చు కదా.”

“మీరు మడుల్లో వేసిన ఆ తెల్ల ఫాక్స్‌గ్లవ్ మొక్కలు నిలువునా విషం. అందులో ఏముందో మా ఫార్మసీలో తాళం వేసిన అలమర చెబుతుంది, గుండె మందు ఆ కుటుంబం నుంచే వచ్చింది. అలాంటి విషానికేమో నడివాకిట్లో చోటు, తిండికొచ్చే మిరపకాయకి ఉరిశిక్ష. మీకు చాదస్తమా ఇంకేమైనానా?”

పెద్దల నుంచి ఉదాహరణ ఇస్తే నోరు మూతపడుతుందని క్రిస్టఫర్ లాయిడ్ గురించి చెప్పాను. మాకు దక్షిణాన ససెక్స్‌లో ఉన్న గ్రేట్ డిక్స్‌టర్ తోట ఒకప్పుడు ఆయనది. ఏళ్ల నాటి రోజాతోటని డెబ్బై దాటిన వయసులో, 1993లో, మొత్తం తవ్విపారేశాడు. జనం గగ్గోలు పెట్టినా లెక్క చేయలేదు. “చూశావా, పెకిలించే ధైర్యం ఉండాలి” అన్నాను. నా దురదృష్టం, తను కూడా గ్రేట్ డిక్స్‌టర్ చూసింది. “ఆయన రోజాలు తీసి అరటిచెట్లూ, మెట్టతామరలూ, కళ్లు చెదిరే రంగులూ పెట్టాడు. మీరు రంగులన్నీ తీసి సున్నం కొడుతున్నారు. ఆయన పేరు ఎందుకు చెబుతారు?” అంది. మారు మాట్లాడలేదు నేను. కానీ తీర్పు కూడా మార్చలేదు.

నేలకి పలక చదవడం రాదు. అది దాని పద్ధతిలో నడిచింది. మడుల్లో వేసిన తెల్ల ఫాక్స్‌గ్లవ్‌ల గింజలు రాలి మళ్లీ మొలిచాయి. తుమ్మెదలు ఊరంతా తిరిగి ఊదాపూల పుప్పొడి కూడా తెచ్చాయి కాబట్టి, మొలిచినవాటిలో సగం ఊదాగా పూశాయి. ఆకు తొడిమ మీద ఊదా జీర కనిపిస్తే ఆ మొక్క ఊదాగా పూస్తుందని అనుభవజ్ఞులు నారులోనే గుర్తుపట్టి తీసేస్తారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, తొడిమలు వెతుకుతూ ఒక ఆదివారం గడిపాను. బ్రామ్లీ ఆపిల్ ప్రతి వసంతంలోనూ గులాబీ జీర మొగ్గలు తొడుగుతుంది, దాన్ని నరికే దమ్ము లేక చూడనట్టు తిరిగాను. ఐస్‌బర్గ్ రోజాలు పెట్టాను. 1958లో జర్మనీలో పుట్టించిన రకం, అక్కడ దానికి కథలోని స్నో వైట్ పేరు, తెల్లతోటలన్నిటా అదే ఉంటుంది. ఎండలో చూడముచ్చట. రెండు రోజులు ముసురు పట్టిందా, రెక్కలు గోధుమరంగుకి తిరిగి చెమ్మకి ముద్దయి కొమ్మకే వేలాడతాయి. ఎర్రపువ్వు వాడితే తెలియదు, తెల్లపువ్వు వాడితే మైలబట్టలా తెలుస్తుంది. ఇంగ్లండులో ముసురు లేని వారం నా అనుభవంలో అరుదు. సిసింగ్‌హర్స్ట్‌లో రోజూ వాడినవి తుంచడానికి తోటమాలులున్నారు. మా ఇంట్లో ఉద్యోగం నుంచి అలిసివచ్చిన నేనున్నాను.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. ఊళ్లో హాలు కప్పు బాగుచేయడానికి చందాల కోసం ఆగస్టులో తోటల ప్రదర్శన పెడితే, మొదటి రోజే పేరిచ్చాను. కరపత్రంలో వేయమని ధవళవనం చరిత్ర నిండు పేజీ రాసిచ్చాను. అచ్చులో మా ఇంటి నంబరు, దాని పక్కన ‘టీ దొరుకుతుంది’ అని వేశారు.

ముందు రోజంతా వాన. రోజాల సంగతి చెప్పక్కర్లేదు. కాస్మాస్ మొక్కలు నేలకొరిగాయి, హోస్టా ఆకుల్ని నత్తలు జల్లెడ చేశాయి. వచ్చినవాళ్లు పలక చదివి, మడుల వైపు చూసి, మళ్లీ పలక వైపు చూసి, ఇంగ్లీషువాళ్లు కాబట్టి “ఎంత ప్రశాంతంగా ఉందో” అన్నారు. నేను ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టగానే అందరికీ టీ గుర్తొచ్చింది. టీ బల్ల షెడ్డు వెనక ఉంది, దక్షిణపు ఎండ తగిలే మూల. నేను చాన్నాళ్లుగా అటు వెళ్లలేదు.

అక్కడ మా ఆవిడ నేను బహిష్కరించినవాటికి కాపురం పెట్టించింది. కుండీల నిండా బంతి, వంగ, బెండ. గోడ పొడుగునా వరసగా మిరప మొక్కలు, నా తీర్పుకి లొంగని పండుకాయలతో ఎర్రగా మెరుస్తూ. ఎండాకాలమంతా ఒక్క కాయా కోయలేదట, దాచిందట. అమ్మాయి పొద్దుతిరుగుడు కూడా అక్కడే ఉంది, కంచె దాటి తిరిగొచ్చి. టీతో పాటు కేకు పెట్టడం ఆనవాయితీ. తను మిరపకాయ బజ్జీలు వేసింది. కళ్ల నీళ్లు కారుతున్నా ఊళ్లోవాళ్లు రెండోసారి పళ్లెం చాపారు. గింజలడిగారు, ఏ నెలలో నాటాలో అడిగారు, చలికి ఎప్పుడు లోపల పెట్టాలో కాగితం మీద రాయించుకున్నారు. పక్కింటి పెద్దావిడ మరోసారి వచ్చి, నేను పెకిలించిన రోజాకి కొమ్మలు అంతకు ముందే తీసి తను అంటుకట్టుకున్నానని, కావాలంటే ఒకటి ఇస్తానని చెప్పింది. కావాలన్నాను. రంగు గురించి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం హాల్లో లెక్కలు చూస్తుంటే నిర్వాహకులు తోటల్ని ఒకదాని తర్వాత ఒకటి చదువుతున్నారు. మా ఇల్లు వచ్చేసరికి నంబరు కోసం కాగితంలో వెతికి దొరక్క, ఒకాయన “అదే, చిల్లీ గార్డెన్” అన్నాడు. అందరికీ అర్థమైంది. మరుసటి ఏడు కరపత్రంలో నంబరు పక్కన అదే అచ్చయింది. ఎవరూ మా అనుమతి అడగలేదు. సిసింగ్‌హర్స్ట్‌కి ఫ్రెంచి ఖైదీలు పేరు పెట్టినట్టు, మా పెరడుకి బజ్జీలు తిన్నవాళ్లు పెట్టారు. మామయ్యకి ఫోన్‌లో చెబితే, “పువ్వు చూశాక కట్టారన్నమాట చీటీ” అని ఒక్క ముక్క అన్నాడు.

పలక దించేశాం. ఇప్పుడది కుండీల కింద చెమ్మ దిగకుండా అడ్డం. తెల్లమడి కొంత మిగిలింది. సన్నజాజి తీగ ఒకటి నాటాను, మునిమాపు వేళ నిజంగా బాగుంటుంది. కొత్తిమీర కోస్తున్నాం. మిగతా పెరడంతా మా ఆవిడ రాజ్యం. నేను కంపోస్టు మోస్తాను, నత్తలేరతాను, చెప్పిన చోట తవ్వుతాను.

ఇంత రాశాక మనిషి మారాడని మీకనిపించచ్చు. మొన్న పక్క ఊరి నుంచి తోట చూడటానికొచ్చిన దంపతులు మిరపకాయల వరస ముందు నిలబడి, “చిల్లీ గార్డెన్, చక్కని పేరు, ఎవరికి తట్టింది?” అని అడిగారు. మా ఆవిడ లోపల బజ్జీలకి శనగపిండి కలుపుతోంది. అటూ ఇటూ చూసి, నాకే తట్టిందని చెప్పాను. కాటన్ దొర ప్రస్తావన కూడా తెచ్చాను.